మోసపోకుండా మనుషుల్ని నమ్మేది ఎట్ల

"ఈ కాలంలో ఎవుర్నీ నమ్మేకి లేదు సామీ" అనే మాట మా అనంతపురంలో ఏ టీ బంకు దగ్గర నిలబడినా వినబడతాది, ఆ మాట అన్నాయనే టీ తాగి "కొట్టినా అన్నా" అని ఫోన్ జేబులో పెట్టుకుని పోతాడు, బంకాయన స్క్రీన్ వంక చూడను కూడా చూడడు, సరేలే అని ఇంకో గ్లాసు కడుగుతా ఉంటాడు. నోటితో నమ్మొద్దంటాం, పనిలో మాత్రం పొద్దున లేచినప్పటి నుంచి నమ్ముతానే ఉంటాం. పాలు పోసేటాయన్ని, పిల్లోళ్ళని ఎక్కించుకుపోయే ఆటో ఆయన్ని, మందుల షాపులో చీటీ చూసి మాత్రలు కత్తిరించి ఇచ్చే పిల్లోన్ని, ఎవుర్ని అనుమానించి బతుకుతాం చెప్పండి.

అందరూ మంచోళ్ళే అని చెప్పేకి ఇది రాయడం లేదు. మోసం చేసేటోళ్ళు ఉన్నారు, ఉంటారు, చీటీలు మునిగి కూతురి పెళ్ళి వాయిదా వేసుకున్నోళ్ళు నాకు తెలిసినోళ్ళలోనే ఉన్నారు. నేను చెప్పేది ఏందంటే, అనుమానపడితే పోయేదేముంది అనుకుంటాం గానీ పోయేది చానా ఉంటాది, కాకపోతే అది లెక్కలో కనపడదు. ఆ కనపడని లెక్కని ఎట్ల బయటికి తీయాల, ఎంతవరకు నమ్మాల, యాడ ఆగాల, దెబ్బ తగిలితే ఏం చేయాల, ఇవి నాకు తెలిసినంత వరకు చెప్తా.

ముందు లెక్క యాడ తప్పుతాందో చూడండి

ఒకాయన వచ్చి రెండు వేలు చేబదులు అడిగినాడు అనుకోండి. ఇచ్చినారు, ఎగ్గొట్టినాడు. ఇంక జన్మలో మర్చిపోరు, ఆయన పెళ్ళిలో కనపడినా చావింటి కాడ కనపడినా ఆ రెండు వేలే గుర్తొస్తాది, పది మందికి చెప్తారు. అదే మీరు ఇయ్యలేదనుకోండి. ఆయన వారంలో తెచ్చి ఇచ్చేటోడేమో, ఆ సంగతి మీకు ఎప్పటికీ తెలీదు, తెలుసుకునే దారే లేదు. పైగా "మంచిపని చేసినా, లేకుంటే మునిగుండేటోన్ని" అని మనకి మనమే మార్కులు వేసుకుంటాం. అంటే నమ్మి తప్పు చేస్తే రుజువు చేతికొస్తాది, నమ్మక తప్పు చేస్తే రుజువే పుట్టదు. ఇట్ల ఇరవై ఏళ్ళు గడిస్తే ఒక రకం తప్పులే గుర్తుండిపోయి, ఏం జరిగినా "నేను ముందే చెప్పలా" అనే జబ్బు పట్టుకుంటాది.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఫెట్చెన్‌హావర్, డన్నింగ్ అని ఇద్దరు సైకాలజీ ప్రొఫెసర్లు ఇదే సంగతిని పరీక్ష పెట్టి చూసి 2010లో రాసినారు. ముక్కూ మొహం తెలీనోడి చేతికి డబ్బులిస్తే న్యాయంగా తిరిగిచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారంటే జనం చెప్పిన అంచనా చానా తక్కువ, నిజంగా తిరిగిచ్చినోళ్ళు దానికంటే చానా ఎక్కువ. తర్వాత కొంతమందికి తాము నమ్మనోళ్ళ ఫలితాలు కూడా చూపించినారు, నువ్వు ఇయ్యలేదు గానీ ఇచ్చుంటే ఈయన తిరిగిచ్చేటోడే అని. అట్ల చూసినోళ్ళకి మనుషుల మీద అంచనా పెరిగింది. వాళ్ళకేం ఉపదేశాలు చెప్పలేదు, మిస్సయిన ఫలితాలు కళ్ళ ముందు పెట్టినారు, అంతే.

ఇంకొకటి పర్సుల పరీక్ష, ఇది నాకు బలే నచ్చింది. మన దేశంతో కలిపి 40 దేశాల్లో, 355 ఊర్లలో, 17 వేలకు పైగా పర్సులు తీసుకుపోయి బ్యాంకుల్లో, హోటళ్ళలో, పోలీస్ స్టేషన్లలో, పోస్టాఫీసుల్లో కౌంటర్ మీద పెట్టి "రోడ్డు మీద దొరికింది, నాకు టైం లేదు, మీరే చూసుకోండి" అని చెప్పి వచ్చేసినారు. లోపల ఒక తాళంచెవి, సరుకుల చీటీ, ఓనర్ ఈమెయిల్ ఉన్న కార్డులు. కొన్నిటిలో డబ్బులు, కొన్నిటిలో లేవు. డబ్బులు లేని పర్సుల ఓనర్‌కి కబురు పెట్టినోళ్ళు నూటికి 40 మంది, డబ్బులున్న పర్సులకి 51 మంది! మూడు దేశాల్లో డబ్బులు ఇంకా పెంచి చూస్తే ఇంకా పెరిగింది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది ఇది. దీంట్లో అసలు తమాషా ఏందంటే, ముందుగా అడిగితే మామూలు జనం డబ్బు పెరిగే కొద్దీ తిరిగిచ్చేది తగ్గుతాదనే చెప్పినారు, ఎకనామిక్స్ ప్రొఫెసర్లు కూడా ఇట్ల పెరుగుతాదని ఊహించలేకపోయినారు.

సగం మంది తిరిగివ్వలేదు గదా అంటారేమో. అవును, ఇయ్యలేదు. అందుకే కింద చెప్పే జాగ్రత్తలు.

ఇంకో మాట. ఎవుర్నీ నమ్మనోడే తెలివైనోడు అని మనకొక నమ్మకం. 30 దేశాల లెక్కలు తీసి చూసిన ఒక పరిశోధనలో, లోకమంతా స్వార్థపరులే అనుకునేటోళ్ళకి తెలివితేటల పరీక్షల్లో మార్కులు తక్కువే వచ్చినాయి. రచ్చకట్ట మీద మీసం తిప్పుతా "నాకు తెలీదా లోకం" అనే పెద్దమనిషి కనపడితే ఈ ముక్క గుర్తు చేసుకోండి, ఆయన ముందర అనొద్దు.

పోతే పోయిందిలే అనేంత మొత్తంతో మొదలుపెట్టండి

కర్నూలులో అనంతపురం బస్సెక్కితే డోన్ రాకముందే కండక్టర్ వస్తాడు. మీరు ఐదొందల నోటు ఇస్తారు, ఆయన దగ్గర చిల్లర ఉండదు, టికెట్ వెనక్కి తిప్పి పెన్నుతో బాకీ ఎంతో గీకి, చుట్టూ సున్నా చుట్టి "దిగేటప్పుడు అడుగు" అని ముందుకు పోతాడు. గుత్తిలో సగం బస్సు ఖాళీ అయి మళ్ళీ నిండుతాది, మీరు కిటికీకి తల ఆనించి నిద్రపోతారు. అనంతపురం బస్టాండు ముందర ఆ నలిగిన టికెట్ చూపిస్తే ఆయన మారుమాట లేకుండా నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. మనం ఆయన్ని నమ్మినాం అనుకుంటాం గానీ ఆయన కూడా మనల్ని నమ్మినాడు చూడండి, ఒకటిని ఏడు చేసేకి ఎంతసేపు పడతాది? ఇప్పుడు ఫోన్లతో కట్టడం వచ్చి ఇది తగ్గింది గానీ పల్లె రూట్లలో ఇంకా నడుస్తానే ఉంది.

ఇది ఎందుకు నడుస్తాందో గమనిస్తే మీకు కావలసిన ఫార్ములా దొరుకుతాది. మొత్తం చిన్నది. రాత ఉంది, గీకుడే అయినా రాతే. లెక్క తేలేదాకా ఆయన బస్సు దిగి పోలేడు. రేపు మళ్ళీ ఇదే రూట్లో ఆయన తిరగాల, మనమూ ఎక్కాల. కొత్త మనిషితో ఏ వ్యవహారం వచ్చినా ఈ నాలుగులో ఎన్ని ఉన్నాయో మనసులో చూసుకోండి. నాలుగూ ఉంటే కళ్ళు మూసుకుని నమ్మేయొచ్చు. మొత్తం పెద్దదై, రాత లేక, మనిషి యాడుంటాడో తెలీక, మళ్ళీ కనపడే అవకాశం లేకుంటే అది నమ్మకం కాదు, జూదం, తుగ్గలి జొన్నగిరి చేన్లలో వానాకాలం వజ్రాలు వెతికే దానికంటే అన్యాయం, ఆడ కనీసం పోయేది మన టైమే.

కాబట్టి కొత్త కూలాయన అడ్వాన్స్ అడిగితే మొత్తం ఇయ్యొద్దు, అసలు లేదనొద్దు, ఒకరోజు కూలి ఇయ్యండి. వీధిలోకి కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇంటి తాళాలు ఇయ్యక్కర్లేదు, నిచ్చెన ఇచ్చి చూడండి, డ్రిల్లింగ్ మిషన్ ఇచ్చి చూడండి. తిరిగొచ్చిన పద్ధతి చూడండి, నిచ్చెన తుడిచి తెచ్చినారా, మీరు పోయి అడిగితే గానీ రాలేదా. చిన్న నమ్మకాలతో ఇదే లాభం, నష్టం చిన్నది, సమాచారం పెద్దది. అసలు నమ్మనేవద్దు అనుకున్నోడికి ఈ సమాచారం ఎప్పటికీ రాదు.

మాట నిలబెట్టుకున్నోళ్ళని కూడా రాసుకోండి

పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి, ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు. ఒక నెల రోజులు, ఎవురెవురు మీకు ఏం మాటిచ్చినారు, చేసినారా లేదా అంతే. మెకానిక్ సాయంత్రానికి బండి ఇస్తానన్నాడు, ఇచ్చినాడు. ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు, రాలేదు. గ్యాస్ ఆయన, కొరియర్ పిల్లోడు, ఆఫీసులో పక్క సీటాయన, తోడికోడలు. ఇందులో రెండు రూల్సు. ఒకటి, మంచిగా జరిగింది చిన్నదని వదిలేయొద్దు, అదే మనం చేసే తప్పు, రానోడు గుర్తుంటాడు, టైముకి వచ్చినోడు గాలికి పోతాడు. రెండోది, చెడు జరిగితే పక్కన కారణం రాయండి, తెలిస్తేనే రాయండి, ఊహించి రాయొద్దు.

నెల చివర్లో బుక్కు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తాది, ఎలక్ట్రీషియన్లు తప్ప. వాళ్ళ సంగతి నేనేం గ్యారంటీ ఇయ్యలేను.

మనిషిని కాదు, కాగితాన్ని చెక్ చేయండి

మన దగ్గర పెద్ద చిక్కు ఇదే. రాసుకుందాం అంటే "నా మీద నమ్మకం లేదా" అంటారు, రాసుకోకుంటే మూడేళ్ళకి కొట్లాట. నిజానికి రాసుకున్న చోటే నమ్మకం ఎక్కువ కాలం బతుకుతాది, ఎందుకంటే సగం గొడవలు మోసంతో రావు, మరుపుతో వస్తాయి. ఒకాయనకి నూటికి రూపాయిన్నర వడ్డీ అని గుర్తు, ఇంకొకాయనకి రెండు రూపాయలని గుర్తు, ఇద్దరూ దేవుని మీద ప్రమాణం చేస్తారు, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఎట్ల అడగాలంటే ఇట్ల అడగండి: "అన్నా, నువ్వూ నేనూ బాగానే ఉంటాం, రేపు మనలో ఎవురికేమైనా మన పిల్లోళ్ళు కొట్లాడుకోకూడదు గదా, ఒక నోటు రాసుకుందాం." ఈ మాటకి ఎవురూ కోపం తెచ్చుకోగా నేను చూడలేదు. కోపం తెచ్చుకుంటే అది కూడా మీకు పనికొచ్చే సమాచారమే.

ప్రామిసరీ నోటు రాసుకున్నారంటే మూడేళ్ళు గుర్తు పెట్టుకోండి, ఆ గడువు దాటితే కోర్టుకి పోయే దారి మూసుకుపోతాది. మధ్యలో ఆయన కొంత కడితే నోటు వెనక చెల్లు రాయించుకోండి, తేదీ వేసి ఆయన సంతకం పెట్టించుకోండి, అప్పుడు గడువు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవుతాది. ఖాళీ నోటు మీద సంతకం పెట్టొద్దు, పెట్టించుకోవద్దు కూడా, అది అవతలాయన్ని భయంలో ఉంచడం, నమ్మకం కాదు.

భూమి కొనేటప్పుడు అమ్మేటాయన మీ మేనమామ అయినా సరే ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) తీయించండి, 1బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు చూడండి, సర్వేయర్‌ని పిలిపించి హద్దులు కొలిపించండి. మామని అనుమానించినట్టు కాదు, వాళ్ళ నాయన కాలంలో ఏం జరిగిందో ఆయనకే తెలిసుండదు. చీటీలైతే చిట్ ఫండ్స్ చట్టం, 1982 ప్రకారం చిట్టీ మొదలుపెట్టేకి రిజిస్ట్రార్ అనుమతి ఉండాల, అది అడిగి చూడండి. వీధిలో పదిమంది ఆడోళ్ళు కలిసి వేసుకునే చిన్న చీటీ వేరే సంగతి, అది కండక్టర్ చిల్లర మాదిరే, అందరూ రోజూ కనపడేటోళ్ళే, అయినా దాంట్లో కూడా ఒకరు పోతే తట్టుకునేంతే వేయండి.

ఇల్లు కట్టించేటప్పుడు కూడా ఇదే. బేల్దారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని సిమెంటు మూటలు లెక్కపెడుతా ఉంటే ఆయన మీకు కనపడే పని చేస్తాడు, కనపడని పని వదిలేస్తాడు. దాని బదులు "పని నీదే మేస్త్రీ, నేను సాయంత్రం వచ్చి తూకం చూస్తా" అని చెప్పి పోండి, చెప్పినట్టే సాయంత్రం వచ్చి గుండు దారం వదిలి గోడ నిటారు ఉందో లేదో చూడండి, నీళ్ళ ట్యూబుతో లెవెల్ చూడండి, బాగుంటే బాగుందని గట్టిగా నలుగురి ముందర చెప్పండి. దారం ఎవుర్నీ అవమానించదు. మనిషి మీద చూపు పెడితే నామోషీ, పని మీద పెడితే మర్యాద.

ఫోన్‌లో మాత్రం ఈ రూల్స్ పని చేయవు

ఇక్కడ ఆశావాదం కట్టిపెట్టండి. ముందర చెప్పిన నాలుగు గుణాల్లో ఫోన్ మోసగాడికి ఒక్కటీ ఉండదు. గుర్తుపట్టేకి రెండు గుర్తులు చాలు, తొందర పెడతాడు, ఎవురికీ చెప్పొద్దంటాడు. మంచి పని ఏదీ ఈ రెండూ కలిపి అడగదు. యూపీఐలో డబ్బులు వచ్చేకి పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ అడిగితే పోతున్నట్టే లెక్క. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు, వీడియో కాల్‌లో యూనిఫాం చూసి వణకొద్దు. పోగొట్టుకుంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపేకి అంత ఛాన్స్.

అయితే ఫోన్‌లో వచ్చిన ఈ భయాన్ని తెచ్చి ఎదురింటాయన మీద పెట్టొద్దు. చానా మంది చేస్తాండేది అదే, ముక్కూ మొహం తెలీని దొంగ చేసిన పనికి ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనుషుల్ని శంకిస్తారు.

ఒకడు చేసింది వాళ్ళందరికీ అంటించొద్దు

ఇది మన సీమోళ్ళకి ఎవురూ నేర్పించాల్సిన పని లేదు. సినిమాల్లో సుమోలు, బాంబులు చూసి చూసి, మాది కడప అన్నా కర్నూలు అన్నా హైదరాబాదులో ఇంటి ఓనర్ మొహం మారిపోయే రోజులు చూసినోళ్ళు మనలో ఎంతమంది లేరు? బ్యాంకు ఉద్యోగం చేసుకునే పిల్లోన్ని కూడా "మీ ఊర్లో గొడవలు బాగా ఉంటాయంట గదా" అని నవ్వుతా అడుగుతారు. ఫ్యాక్షన్ లేదని కాదు, దానికి కుటుంబాలకి కుటుంబాలే నాశనం అయినాయి. కానీ కోట్ల మందిలో కొందరి పని తెచ్చి అందరి నెత్తిన పెడితే ఎట్ల ఉంటాదో మన ఒంటికి తెలుసు. తెలిసి కూడా మనం ఇంకొకరిని, ఫలానా ఊరోళ్ళంతా ఇంతే, ఫలానా కులమోళ్ళు ఇంతే, బిహార్ నుంచి వచ్చిన కూలోళ్ళు ఇంతే అంటాం.

ఈ మాట నోటికి వచ్చినప్పుడు చేయాల్సింది ఒకటే. "ఆ ఊరోళ్ళు" అని తీసేసి ఆ మనిషి పేరు పెట్టి మళ్ళీ అని చూడండి. "ఫలానా సుబ్బడు నాకు డబ్బులు ఇయ్యలేదు." అంతే నిజం. మిగతాది మనం కలిపింది.

మన పాతోళ్ళు ఈ విషయంలో మనకంటే నయం. నార్పల మండలం గూగూడులో మొహరం వస్తే కుళ్ళాయిస్వామి దగ్గరికి హిందువులే పెద్ద ఎత్తున పోతారు, ఉగాది రోజు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిములు వస్తారు, స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని. దీన్నెవురూ ఐక్యత అని బ్యానర్ కట్టి మొదలుపెట్టింది కాదు, ఏడాదికి ఒక్కసారైనా అవతలోళ్ళ గడప తొక్కే అలవాటు. విన్సెంట్ ఫెర్రర్‌ని చూడండి, స్పెయిన్ నుంచి వచ్చిన మనిషి, 1968లో మహారాష్ట్ర నుంచి అనుమానపడి వెళ్ళగొట్టినారు, 1969లో అనంతపురం వచ్చి 2009లో ఇక్కడే చనిపోయినాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ కట్టిన ఇండ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి మన కళ్ళ ముందరే ఉన్నాయి. మహారాష్ట్రలో వెళ్ళగొట్టినోళ్ళకి తాము ఏం పోగొట్టుకున్నారో లెక్క ఎవురు చెప్పినారు? మొదట చెప్పిన కనపడని నష్టం ఇదే.

మీరు చేయాల్సిన పని ఇంతే, మీకు అనుమానం ఉన్న జనం ఎవురో వాళ్ళ పెళ్ళికో పండగకో పిలిస్తే పోండి. భోజనం చేసి రండి.

దెబ్బ తగిలితే: ఇయ్యలేకనా, ఇయ్యకనా?

మాట తప్పినోళ్ళంతా ఒకటి కాదు. మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన, అది కూడా సగం ఏళ్ళు సరిగ్గా పడదు, పడినప్పుడు శనక్కాయకి అక్కర ఉండదు, అక్కర ఉన్నప్పుడు పడదు. ఇట్లాంటి చోట తీసుకున్న చేబదులు టైముకి రాలేదంటే మోసమే అని తేల్చేకి లేదు.

మా చిన్నాయన ఒకాయనకి విత్తనం కాయలకని డబ్బులిచ్చినాడు. పంట పీకే కాలం దాటిపోయింది, ఆయన జాడ లేదు, ఫోన్ ఎత్తడు. ఇంట్లో అందరూ "ముంచినాడు పో" అన్నారు. మా చిన్నాయన ఫోన్ చేయడం మానేసి బండేసుకుని వాళ్ళ ఊరికి పోయినాడు, నన్ను వెనక ఎక్కించుకుని. ఇంటికి పోలేదు, ముందు చేనికాడికి పోయినాడు. పీకిన కట్టె వామి వేసి ఉంది. దాంట్లో నుంచి ఒక చెట్టు గుంజి చూపించినాడు, రెండు కాయలు, అవి కూడా వేలితో నొక్కితే అణిగిపోయినాయి, లోపల గింజ లేదు. అప్పుడు ఇంటికి పోయినాం. ఆయన మమ్మల్ని చూసి లోపలికి పోబోయి ఆగిపోయినాడు.

"ఏమప్పా, ఫోన్ ఎత్తవు?"

"ఎత్తి ఏం చెప్పల్ల మామా."

"ఇదే చెప్పు. చేను చూసే వచ్చినా."

ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. డబ్బుల మాట మా చిన్నాయన లేచేముందు ఎత్తినాడు, పొట్టేళ్ళు అమ్మినప్పుడు కొంత, వచ్చే పంటకి మిగతాది అని ఒప్పుకుని, నోటు వెనక తేదీ వేసి రాసుకున్నారు. పొట్టేళ్ళు అమ్మిన వారంలో ఆయనే వచ్చి ఇచ్చి పోయినాడు. ఇదే మా చిన్నాయన ఇంకొకాయన కారు కొని ఫోటో స్టేటస్ పెట్టుకుని "డబ్బుల్లేవన్నా" అంటే నేరుగా వకీలు నోటీసు పంపించినాడు. రెండింటికీ తేడా కనుక్కునేకి ఆయన చేసిన పనల్లా పోయి చూడడమే.

అమెరికాలో రాబర్ట్ ఆక్సెల్రాడ్ అనే ప్రొఫెసర్ 1980 ప్రాంతంలో ఒక కంప్యూటర్ పోటీ పెట్టినాడు, ఒకరితో ఒకరు పదే పదే వ్యవహారం చేసే ఆటలో ఏ ఎత్తుగడ గెలుస్తాదా అని. పెద్ద పెద్ద తెలివైన ప్రోగ్రాములు వచ్చినాయి. గెలిచింది అన్నిటికంటే చిన్నది: మొదట మంచిగా మొదలుపెట్టు, అవతలోడు తేడా చేస్తే నువ్వూ ఒకసారి చెయ్యి, వాడు మళ్ళీ సరిగ్గా ఉంటే పాతది మర్చిపో. ఇంతే. మన జనానికి మొదటిదీ రెండోదీ వచ్చు, మూడోది రాదు. ఒకసారి తేడా చేసినోడు మళ్ళీ దారికొస్తే మళ్ళీ చిన్న మొత్తం నుంచి మొదలుపెట్టండి, నిచ్చెన నుంచి. నేరుగా పాత స్థానంలో కూర్చోబెట్టాలని రూలేం లేదు.

మంచి కథలు అడిగి చెప్పించుకోండి

చెడ్డ కథలు వాటంతట అవే వస్తాయి, టీవీ పెడితే చాలు. మంచివి అడిగితే గానీ రావు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు అక్కడున్న ఎవురినైనా పట్టుకుని అడగండి, "ఆ రాత్రి యాడున్నారు, ఎవురింట్లో ఉన్నారు, ఏం తిన్నారు" అని. దొంగతనాలు, పోయిన సామాన్ల సంగతి కూడా వస్తాది, రాకుండా ఉండదు. కానీ ఎవురి మేడ మీద ఎంతమంది కూర్చున్నారు, ఎవురు బియ్యం మూట పైకి మోసినారు, ఆ పేర్లు ఇన్నేళ్ళ తర్వాత కూడా తడుముకోకుండా చెప్తారు. అడిగేటప్పుడు "జనం ఎట్ల ఉన్నారు" అని అడగొద్దు, "ఏదో ఉన్నారులే" అనే సమాధానం వస్తాది. పేర్లు అడగండి, ఎవురు ఏం చేసినారని.

పిల్లోళ్ళకి

"కొత్తోళ్ళతో మాట్లాడొద్దు" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాం. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లోడికి ఈ ముక్క పనికిరాదు, చుట్టూ అందరూ కొత్తోళ్ళే, ఎవురినీ అడగకుండా ఏడుస్తా నడుస్తా ఇంకా దూరం పోతాడు. దాని బదులు ఎవుర్ని అడగాలో చెప్పండి, పిల్లోళ్ళు ఉన్న అమ్మని, అంగడి గల్లా మీద కూర్చున్న మనిషిని, యూనిఫాంలో ఉన్న పోలీసుని. వాళ్ళంతట వాళ్ళే వచ్చి రా రా అని పిలిచేటోళ్ళు వేరు, మనం ఎంచుకుని అడిగేటోళ్ళు వేరు, ఈ తేడా ఆరేడేళ్ళ పిల్లోళ్ళకి బాగానే అర్థమవుతాది. ఎవురైనా రహస్యం అంటే మాత్రం వెంటనే ఇంట్లో చెప్పాలని కూడా చెప్పండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 112 పోలీసులకి, ఇవి పెద్దోళ్ళకి కూడా తెలిసుండాల.

అమ్మ నంబర్ బట్టీ పట్టించండి. ఒక ఆదివారం బజారుకి తీసుకుపోయి, మీరు పది అడుగుల దూరంలో నిలబడి, ఒక అంగడామెను "అక్కా, మా అమ్మకి ఒక ఫోన్ చేస్తారా" అని వాళ్ళతోనే అడిగించండి. మీ ఫోన్ సైలెంట్‌లో లేకుండా చూసుకోండి.